అంకమ్మక్క కల్లంలో మూడు గుంటలు

ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకి ట్రైనింగులో ఇచ్చే లావుపాటి పుస్తకం నేనూ చదివాను. అందులో లేజరు గురించి ఉంది, గాజు తీగ గురించి ఉంది, వెలుతురు ఎంత వేగంగా పోతుందో ఉంది. మిరపకాయ ఘాటు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏళ్ళ తరబడి వెలుతురు కొలిచినదాన్ని కాబట్టి చెప్తున్నాను, అది పెద్ద లోటే.

నా పేరు సుగుణ. మాది చీరాల, నేతవాళ్ళ ఇల్లు. టెలిఫోను శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరెవరు అడ్డం పడ్డారో ఇక్కడ రాయను. ఆ పేర్లు ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది, మీకు నిద్రొస్తుంది. కాగితాల గోల కూడా రాయను. మీరు చేరాక ఎలాగూ అందులోనే మునుగుతారు. నేను చేసిన పనేంటో, అందులో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఏంటో, అంతవరకే చెప్తాను.

మిషను చేసే పని

తొంభైల చివర్లో మా వైపు ఊరూరికీ నేలలో గాజు తీగ పరిచారు. వెంట్రుకంత సన్నం. అలాంటివి ఆరు కలిపి ఒక కేబులు. ఒక ఎక్స్ఛేంజి నుంచి ఇంకో ఎక్స్ఛేంజికి జనం మాట్లాడుకునే మాటలన్నీ అందులో వెలుతురై పోతాయి. అది తెగిందంటే పదిహేను ఊళ్ళ ఫోన్లు ఒక్కసారే మూగబోతాయి. తెగిన చోటేమో నాలుగైదడుగుల లోతులో ఉంటుంది. పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది, నా మొహం!

అందుకు ఒక మిషను ఇచ్చారు. దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది గానీ మేమంతా మిషను అనేవాళ్ళం. తీగ ఈ చివర దానికి తగిలిస్తే, లోపలికి లేజరు మెరుపు ఒకటి పంపుతుంది. ఎంతసేపటి మెరుపనుకున్నారు? సెకనుని నూరు కోట్ల ముక్కలు చేస్తే, అందులో పది ముక్కలంతసేపు. ఆ మెరుపు పోయి తెగిన చోట తగిలి, కాస్తంత వెనక్కి వస్తుంది. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిచి, ఇన్ని మీటర్ల దూరంలో తెగింది అని తెర మీద గీత గీసి చూపిస్తుంది.

ఒక్క మెరుపుతో పనవదు. తిరిగొచ్చేది మరీ నీరసంగా ఉంటుంది. అందుకని మిషను వేల మెరుపులు పంపి, ప్రతిదాంట్లోనూ క్షణక్షణానికీ కొంచెం నమూనా తీసుకుని, అన్నీ కలిపి సగటు కడుతుంది. మిర్చి యార్డులో వ్యాపారి ఒక్క కాయ చూసి సరుకు బాగుందనడు కదా. టిక్కీ టిక్కీలోనూ, అంటే బస్తా బస్తాలోనూ, చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూస్తాడు. ఇదీ అంతే.

మెరుపు పొడుగు మనమే ఎంచుకోవాలి. పొట్టి మెరుపు పంపితే దగ్గరవన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, దూరం పోలేదు. పొడుగు మెరుపు దూరం పోతుంది గానీ, దాని వెలుతురుకి మిషను కళ్ళు బైర్లు కమ్మి మొదటి కిలోమీటరులో ఏముందో దానికే తెలీదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మీ పైఅధికారి కంటే మీకు ఎక్కువ తెలిసినట్టే. నా విషయంలో అదే జరిగింది.

పానకాలరావు గారి టీ

మా డివిజనల్ ఇంజనీరు పానకాలరావు గారు మంచి మనిషి. కోపం ఎక్కువ, ఓపిక తక్కువ, టీ ఇంకా ఎక్కువ. లేజరు మీద ఆయనకొక సొంత సిద్ధాంతం ఉండేది. "వెలుతురు ఎంత ఎక్కువ పంపితే అంత బాగా కనపడుద్దమ్మా. ఇందులో ఆలోచించేదేముంది?" అనేవారు.

ఒకరోజు లింకు పోయింది. ఆయనే వచ్చి మిషను ముందు కూర్చుని, అందులో ఉన్నవాటిల్లోకెల్లా పొడుగు మెరుపు పెట్టారు. తెర మీద ఒక పెద్ద గుట్ట, దాని తర్వాత ఏమీ లేదు. ఇంకోసారి పెట్టారు. మళ్ళీ గుట్టే. "మిషను చెడిపోయింది. మూట కట్టి హైదరాబాదు పంపించండి" అని ఆర్డరేశారు. కోటయ్య గారిని రోడ్డు వెంట నడుచుకుంటూ ఎక్కడ తెగిందో చూసి రమ్మన్నారు.

కోటయ్య గారంటే మా జాయింటరు. తెగిన గాజు తీగలు అతికే మనిషి. అప్పటికే యాభై దాటాయి. పదహారు కిలోమీటర్లు, మే నెల ఎండ. ఆయన తువ్వాలు తలకి చుట్టుకుని బయల్దేరాడు.

ఆయన గేటు దాటేలోపు నేను పొట్టి మెరుపు పెట్టి చూశాను. ముప్పై ఎనిమిది మీటర్లు! మిషను దగ్గర్నుంచి ముప్పై ఎనిమిది మీటర్లంటే మా బిల్డింగే దాటదు. టేపు పట్టుకుని గోడ వెంట పోయే తీగని కొలుచుకుంటూ పోయాను. టేపు తిన్నగా పానకాలరావు గారి గదిలోకి తీసుకుపోయింది. ఆయన బీరువా వెనకాల, టీ నీళ్ళు కాచుకునే ఎలక్ట్రిక్ పొయ్యి తీగకి ఆనుకుని ఉంది. తీగ మీది ప్లాస్టిక్కు కరిగి, లోపలి గాజు విరిగి ఉంది. పదిహేను ఊళ్ళ మాటలు ఆయన టీలో పడ్డాయన్నమాట.

పానకాలరావు గారు పొయ్యి వైపు చూశారు, నా వైపు చూశారు. "ఈ సంగతి ఇక్కడితో ఆపెయ్" అన్నారు. ఆపాను. సాయంత్రానికి జిల్లా అంతా తెలిసిపోయింది, నా తప్పు కాదు.

ఇందులో నాకొచ్చిన నష్టం ఏంటంటే, ఆ రోజు నుంచి నాకు కొమ్ములొచ్చాయి. ఎక్కడ తెగినా నన్నే పిలిచేవాళ్ళు. నేను మిషను పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఇక్కడే తవ్వండి" అనేదాన్ని. తవ్వితే అక్కడే ఉండేది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఊళ్ళలో జనం నన్ను చూసి "అంజనం వేసే మేడం వచ్చింది" అనుకునేవాళ్ళు. విన్నప్పుడల్లా వద్దు వద్దంటూనే మురిసిపోయేదాన్ని.

పద్నాలుగు కిలోమీటర్ల రెండొందల అరవై మీటర్లు

రెండు వేలు దాటిన తొలి ఏళ్ళలో సంగతి. మార్టూరు దాటాక లోపలికి పోయే రోడ్డులో ఒక ఊళ్ళో కొత్త ఎక్స్ఛేంజి కట్టాం. మర్నాడు పొద్దున మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించి, రిసీవరెత్తి హలో అనాలి. ముందురోజు పదకొండింటికి లింకు పోయింది.

పానకాలరావు గారు వెంటనే నాకు ఫోను చేశారు. "సుగుణా, రేపు ఆయన హలో అంటే అవతల ఎవరూ పలకకపోతే నన్ను శ్రీకాకుళం అవతలికి విసిరేస్తారమ్మా!"

మిషను పెట్టాను. పద్నాలుగు కిలోమీటర్ల రెండొందల అరవై మీటర్లు. గీత స్పష్టంగా పడింది. జీపులో నేను, కోటయ్య గారు, డ్రైవరు, నలుగురు కూలీలు బయల్దేరాం. ఊరి ముందు వంతెన దగ్గర మంత్రిగారి కోసం మా శాఖ తరఫున కట్టిన స్వాగత తోరణం కనిపించింది. సరుగుడు బాదులు పాతి, రంగుకాగితాలు కట్టి, బాగానే చేశారు. మెచ్చుకుంటూ దానికిందనుంచే పోయాం.

కిలోమీటరు రాయి దగ్గర దిగి టేపు పట్టాం. టేపు ఆగిన చోట నేల కనిపించలేదు. మిరపకాయలు. రోడ్డు పక్కనున్న ఖాళీ జాగా అంతా ఎర్రగా పరిచిన మిరప కల్లం.

"ఎవరమ్మాయ్ మీరు? చెప్పులతో తొక్కమాకండి కాయలు!"

అరుచుకుంటూ వచ్చిందావిడ. అంకమ్మ. యాభై ఏళ్ళుంటాయి. చీర పైకి దోపి, చేతిలో కాయలు తిరగేసే చెక్కపార పట్టుకుని ఉంది.

"అక్కా, టెలిఫోనోళ్ళం. కింద మా తీగ తెగింది. ఇక్కడ తవ్వాలి" అన్నాను.

"నా కల్లంలోనే తెగిందా? ఇంత పొడుగు రోడ్డుండగా దానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

చెప్పాల్సింది చెప్పాను. మంత్రిగారు, పదిహేను ఊళ్ళు, ఎవరికన్నా ప్రాణం మీదికొస్తే డాక్టరుకి ఫోను. ఆవిడ నా మాట సగమే వింటోంది. సగం తూర్పున మబ్బు వైపు చూస్తోంది.

"అమ్మాయ్, నా మాట విను. కౌలు చేను. మొదటి కోతంతా తెగులుకి పోయింది. ఈ ఏడు మాకున్నదల్లా ఈ కాయే. ఇంకో రెండెండలు కొడితే టిక్కీలకెత్తేస్తాం. మా ఆయన ముందారిన కాయ లారీకేసుకుని గుంటూరు యార్డుకి పోయాడు. పట్టాలన్నీ దానిమీద కప్పుకుపోయాడు. నా దగ్గర రెండే ఉన్నాయి. ఉన్నపళాన వానొచ్చినా ఇక్కడైతే నేల ఎత్తు, నీళ్ళు నిలవవు, మధ్యలోకి గుట్ట లాగి కప్పుకుంటాను. కాయ పల్లంలోకి తీసి, కల్లం తవ్వి, అప్పుడు వానొచ్చిందనుకో, నా గతేంగాను?"

"అరగంటలో పూడ్చేసి పోతాం అక్కా."

"కచ్చితంగా ఇక్కడేనా?"

"ఇక్కడే. జానెడు తేడా వస్తే నన్నడుగు."

అప్పుడు కోటయ్య గారు నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, తవ్వేముందు ఓసారి వెనక్కి నడిచొద్దామా?" అన్నాడు.

"ఎందుకు కోటయ్య గారూ? మిషను అబద్ధం చెప్తుందా?" అన్నాను. అందరూ వినేలా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"మిషను చెప్పదు లెండమ్మా" అని ఆయన పక్కకెళ్ళి నిలబడ్డాడు.

అంకమ్మక్క నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "సరే, నువ్వు చెప్తున్నావు కదా" అని, పక్క చేలో ఉన్న ఆడవాళ్ళని ఇద్దర్ని కేకేసి కాయలు లాగడం మొదలుపెట్టింది.

కోటయ్య గారి చుట్లు

మొదటి గుంట తవ్వారు. కేబులు కనిపించింది. నిక్షేపంలా ఉంది. చేత్తో తడిమాను, లాగి చూశాను, ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"ఇంకో రెండు గజాలు ముందుకి" అన్నాను. రెండో గుంట. అక్కడా నిక్షేపమే. "అయితే వెనక్కి" అన్నాను. మూడో గుంట. ఈలోపు అంకమ్మక్క కాయలన్నీ పల్లంలోకి లాగి గుట్టగా పోసింది. కల్లం నిండా మా మట్టి.

"ఏమ్మాయ్, నీ తీగ దాక్కుందా?" అంది. గొంతులో ఎగతాళి కొంచెమే ఉంది, భయం ఎక్కువుంది.

మిషను మళ్ళీ పెట్టించి చూసి రమ్మని డ్రైవరుని జీపులో ఎక్స్ఛేంజికి పంపాను. మళ్ళీ అదే అంకె. అప్పటికి గానీ కోటయ్య గారి మొహం చూడాలని నాకు తోచలేదు. ఆయన తువ్వాలు నలుపుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

"కోటయ్య గారూ, మీకేదో తెలుసు."

"తెలుసమ్మా. చెప్తే తిడతారు."

"చెప్పకపోతే చంపుతాను."

అప్పుడు చెప్పాడు. కేబులు చుట్ట ఒక్కోటి రెండు కిలోమీటర్లు. రెండు చుట్టలు కలిసే ప్రతిచోటా గొయ్యి తీసి అతికి, రేపెప్పుడన్నా పనికొస్తుందని అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు ఎక్కువ తీగ చుట్టి ఆ గోతిలో పెట్టాలి. అది రూలు. రికార్డులో కూడా అంతే రాసుంది, నేను కట్టిన లెక్కా దాని ప్రకారమే. కోటయ్య గారు మాత్రం పది బదులు ముప్పై పెట్టాడు. ప్రతి గోతిలోనూ.

"ఎందుకండీ?"

"నల్లరేగడమ్మా ఇది. ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలిస్తుంది. వానొస్తే ఉబ్బుతుంది. కేబుల్ని అటూ ఇటూ గుంజుతుంది. పది మీటర్ల చుట్టు రెండేళ్ళకే బిగుసుకుపోవడం చూశాను. అందుకని..."

"మరి నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే రాసుకుంటారమ్మా. రాసుకుంటే ఎవరో ఒకరు అడుగుతారు, కేబులు ఎందుకు ఎక్కువ వాడావని. ఇందాక వెనక్కి నడుద్దామన్నాను కదా, మీరు మిషను మాటెత్తారు."

మిషను అబద్ధం చెప్పలేదు. అది కొలిచింది తీగ పొడుగు, నేను తవ్వింది రోడ్డు పొడుగు. దారిలో అలాంటి గోతులు ఏడు. ఒక్కో గోతిలో నలభై మీటర్లు ఎక్కువ. రెండొందల ఎనభై మీటర్ల తీగ చుట్టలు చుట్టుకుని గోతుల్లో హాయిగా పడుకుని ఉంది. మామూలుగా అతుకు ఉన్నచోట మిషను గీతలో చిన్న మెట్టులాంటిది కనిపిస్తుంది. అది చూసి దగ్గరి అతుకు నుంచి కొలుచుకుంటే ఇలాంటి తేడా పట్టుకోవచ్చు. కోటయ్య గారు ఎంత బాగా అతికేవాడంటే, ఆయన అతుకు మిషనుకి కూడా కనపడదు. పనితనం ఎక్కువై నా కొంప ముంచిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

అంటే తెగింది వెనకాల, రెండొందల ఎనభై మీటర్ల దూరంలో. వంతెన దగ్గర. నేను అటు తిరిగి చూసేసరికి మొదటి చినుకు నా కళ్ళద్దాల మీద పడింది.

సరిగ్గా అప్పుడే పానకాలరావు గారి జీపొచ్చి ఆగింది. "లింకొచ్చిందా సుగుణా?"

"లేదు సార్. ఇక్కడ కాదు, వంతెన దగ్గర."

"అయితే ఇక్కడెందుకు నిలబడ్డారు? పదండి, పదండి!"

అంకమ్మక్క అప్పటికే రెండు పట్టాలు పట్టుకుని గుట్ట చుట్టూ పరిగెడుతోంది. రెండూ కలిపినా గుట్టలో సగం కూడా కప్పలేదు.

"సార్, ముందు కాయలు. తర్వాత తీగ" అన్నాను.

"కాయలు మన శాఖ కిందికొస్తాయా?"

"మనం తవ్విన గుంటలు వస్తాయి సార్."

ఆయన మబ్బు చూసి, ఫ్యాంటు పైకి మడిచారు. చెప్పానుగా, మంచి మనిషి. తీగ అతికేటప్పుడు దుమ్ము పడకుండా వేసుకునే మా గుడారం తెచ్చి గుట్ట మీద కప్పాం. రెండు జీపుల పైగుడ్డలూ పీకాం. కూలీలు, డ్రైవర్లు, నేను, డివిజనల్ ఇంజనీరు గారు అందరం చేతుల్తో, తట్టల్తో కాయలు ఎత్తి పోశాం. పానకాలరావు గారు మధ్యలో చెమట పట్టి, అవే చేతుల్తో కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆయన పెట్టిన కేక అవతలి ఊళ్ళో కూడా వినపడి ఉంటుంది.

గుట్టంతా కప్పాం. హమ్మయ్య అనుకున్నాను. నేను చూసుకోనిది ఒకటే. మూడో గుంట నిండింది. నిండి, పల్లం వైపు పారి, గుట్ట అడుక్కి పోయింది. పైనంతా పొడిగానే ఉంది, అడుగున కాయ నానుతోంది. పారలతో గండి కొట్టి నీళ్ళు మళ్ళించేసరికి ఆలస్యమైపోయింది.

ఒంటి తుమ్ము

వాన అరగంటలో వెలిసింది. వంతెన దగ్గరికి పోయాం. కోటయ్య గారు ఇటూ అటూ నడిచి, స్వాగత తోరణం ఎడమ బాదు దగ్గర ఆగాడు. బాదు పీకి చూస్తే, గునపం పోటుకి కేబులు రెండు ముక్కలై ఉంది.

పానకాలరావు గారు మండిపడ్డారు. కళ్ళు ఎలాగూ అప్పటికే మండుతున్నాయి. "ఎవడు పాతమన్నాడు ఇక్కడ?"

"తమరేనండి" అన్నాడు కోటయ్య గారు. "ఇవాళ పొద్దున. వంతెన మీంచి వచ్చేవాళ్ళకి బాగా కనపడుద్దన్నారు."

ఆయన రుమాలు తీసి కళ్ళు మళ్ళీ తుడుచుకున్నారు.

మామూలుగా అయితే తెగిన చోట కొత్త ముక్క వేసి రెండు చోట్ల అతకాలి. రాత్రయ్యేది. పక్కనే ఉన్న గోతిలోంచి కోటయ్య గారు తన దొంగ చుట్టు కొంత లాగాడు. ఇరవై మీటర్ల తీగ సుఖంగా వచ్చింది. ఒక్కచోట అతికితే చాలు. రూలు ప్రకారం పెట్టిన చుట్టయితే అందేది కాదు. మీ ట్రైనింగు పుస్తకంలో ఇది కూడా ఉండదు, రాసుకోండి.

అతకడం మొదలైంది. గుడారం కాయల మీద ఉంది, అందుకని జీపు వెనకాలే కూర్చున్నాం. వెంట్రుకంత గాజు కొసలు రెండూ నున్నగా కోసి, ఎదురెదురుగా పెట్టి, చిన్న మెరుపుతో కరిగించి కలపాలి. ఊపిరి గట్టిగా వదిలినా కొసలు పక్కకి జరుగుతాయి. మేమేమో నెత్తి నుంచి కాళ్ళ దాకా మిరప ధూళి.

మొదటి తీగ ఎదురెదురుగా పెట్టగానే డ్రైవరు తుమ్మాడు. ఒకే ఒక్క తుమ్ము. కోటయ్య గారు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది?" అన్నారు పానకాలరావు గారు.

"ఒంటి తుమ్మండి. ఇప్పుడు అతికితే నిలవదు. కాసేపాగాలి."

"ఏంటయ్యా ఆగేది! రేపు మంత్రిగారొస్తున్నారు!"

"పోనీ, ఇంకో తుమ్ము పడితే జంటవుద్దండి. ఫర్వాలేదు."

పానకాలరావు గారు డ్రైవరు వైపు తిరిగారు. "ఇంకోటి తుమ్మరా!" వాడెంత ప్రయత్నించినా రాలేదు. కావాలనుకుంటే వస్తుందా? ఆయన జేబులోంచి రుమాలు తీసి, దానికంటిన మిరప పొడి తనే పీల్చారు. తుమ్మారు. జంట కుదిరింది. కోటయ్య గారు మళ్ళీ చేతులు ముందుకు చాపేలోపు ఆయన ఇంకొకటి తుమ్మారు.

"ఇప్పుడు మూడయ్యాయండి" అన్నాడు కోటయ్య గారు.

ఆరు తీగలు అతకడానికి ఆ సాయంత్రం ఎన్ని తుమ్ములు పట్టాయో నేను లెక్కపెట్టలేదు. ఒక దశలో నలుగురు కూలీల్నీ ఇద్దరిద్దరు చొప్పున జంటలుగా నిలబెట్టారు, ఒకడు తుమ్మితే రెండోవాడు అందుకోవాలని. ఒక డివిజనల్ ఇంజనీరు చేసిన ఏర్పాటు ఇది. చీకటి పడేలోపు ఆరో తీగ అతికింది. ఎక్స్ఛేంజికి పోయి మిషను పెట్టి చూశాను. గీత నున్నగా, ఒక్క మెట్టు లేకుండా పోయింది.

మర్నాడు మంత్రిగారు ఒంటికాలి తోరణం కిందనుంచే వచ్చారు, హలో అన్నారు, అవతలివాళ్ళు పలికారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వారంలోనే నేనూ కోటయ్య గారూ దారి పొడుగునా గోతులు తెరిచి, ఏ గోతిలో ఎంత తీగుందో కొలిచి రికార్డులో రాశాం. ఎందుకు ఎక్కువుందని అడిగితే నేనే పెట్టించానని చెప్తానన్నాను. ఎవరూ అడగలేదు.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మిషను అంకె చెప్పేటప్పుడు దాంతోపాటు మీకు తెలియనిదేంటో కూడా చెప్పండి. "ఇంత దూరం, కానీ గోతుల్లో ఎంత తీగుందో నాకు తెలీదు" అంటే పరువేమీ పోదు. నడిచిన మనిషి నడిచొద్దామంటే నడవండి. నేనామాట అన్నా, నడిచినా, తోరణం దగ్గరే ఆగేవాళ్ళం.

తాలు

వారం ఆగి అంకమ్మక్క దగ్గరికి పోయాను. ఒక్కదాన్నే, బస్సెక్కి. పోవడానికి వారం ఎందుకు పట్టిందంటే భయం. నేనెప్పుడూ ఏ పైఅధికారికీ అంత భయపడలేదు.

కల్లంలో మా గుంటలు ఆవిడే పూడ్చేసుకుంది. కాయలు రెండు కుప్పలుగా ఉన్నాయి. పెద్దది ఎర్రగా, బాగానే ఉంది. రెండోది అడుగున నానిన కాయ, రంగు పోయి, తెల్లమచ్చలు పడి, తాలు. ఆవిడ ఆ కుప్ప ముందు కూర్చుని, అందులో పనికొచ్చేవేమన్నా ఉన్నాయేమోనని ఒక్కోటీ ఏరుతోంది. నన్ను చూసింది, ఏరుతూనే ఉంది.

బస్సులో వచ్చినంతసేపూ వల్లె వేసుకున్నదంతా చెప్పాను. తీగ పొడుగు వేరు, రోడ్డు పొడుగు వేరు అని, గోతుల్లో చుట్లున్నాయని, మిషను చూపించింది మిషను లెక్కలో సరైనదేనని. అంతా శ్రద్ధగా విన్నట్టే ఉంది.

"అక్కా, మిషను అలా చూపించింది" అని ముగించాను.

ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టి నా వైపు తిరిగింది. అరవలేదు. ఆ రోజు రోడ్డు దద్దరిల్లేలా అరిచిన గొంతు అది.

"మిషను నాకేమన్నా చుట్టమా అమ్మాయ్? అది ఏం చూపించిందో నేను చూశానా? నువ్వు ఇక్కడే అన్నావు. నీ మొహం చూసి కాయ తీశాను."

"తప్పైంది అక్కా" అన్నాను. ఆ ముక్క మొదటే అని ఉండాల్సింది.

ఆవిడ కాస్త పక్కకి జరిగింది. నేను కొంగు దోపుకుని కూర్చున్నాను. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఇద్దరం తాలు ఏరాం.